డిటెక్టర్ పాఠాలు – 6: మీకంటే ముందు ఎవరు వెతికారు?

మెటల్ డిటెక్టర్‌తో పాత సిపాయిల తూటాలు, గుండ్లు, గుండీలు వెతకడం నేర్పే పాఠాలివి. తూటా అడుగున కొట్టిన ముద్రలు ఎలా చదవాలో ఈసారి చెబుతానని ఐదో పాఠం చివర రాశాను. ఆ పాఠం ఇప్పుడు కాదు. ముద్ర చదవాలంటే ముందు తూటా చేతికి రావాలి, మీ ఉత్తరాలు చూస్తే అది వచ్చేలా లేదు. బోయిన్‌పల్లి నుంచి, అల్వాల్ నుంచి, అటు శంషాబాద్ నుంచి కూడా ఒకటే మాట: "సార్, రైతు ఒప్పుకున్నాడు, పొలమంతా తిరిగాం, ఏమీ లేదు. ఎవరో ముందే ఊడ్చేశారు."

నిజంగానే ఊడ్చేసిన నేలలు ఉంటాయి, కాదనను. కానీ మీలో ఎక్కువమంది "మెషీన్ అసలు మోగనే లేదు" అని రాశారు. తరతరాలుగా నాగలి, గడ్డపార, ఎడ్లబండి తిరిగిన చెల్కలో ఒక్క మేకు కూడా మోగలేదంటే నేల ఖాళీ అయిందని కాదు, మెషీన్ నోరు మీరే నొక్కేశారని అర్థం. ఈ పాఠం దాని గురించే.

దానికంటే ముందు రెండు ఉత్తరాల సంగతి తేల్చాలి.

ఒకాయన ఆదివారం పూట డిటెక్టర్ సంకన పెట్టుకుని ఒక కోటకు వెళ్ళాడు. కాపలా వాళ్ళు ఆపారు. సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. మెషీన్ ఇంకా అక్కడే ఉందట. "మీరు ముందే చెప్పాల్సింది సార్" అని నా మీద అలక. రెండో పాఠం మొత్తం దాని మీదే రాశాను, ఆయన నేరుగా నాలుగో పాఠంతో మొదలుపెట్టినట్టున్నాడు. మళ్ళీ ఒకసారి చెబుతున్నా, ఇదే ఆఖరు. గోల్కొండ కావచ్చు, కుతుబ్‌షాహీ సమాధులు కావచ్చు, ఊరి చివర బోర్డు పెట్టిన పాత బురుజు కావచ్చు, రక్షిత కట్టడం దరిదాపుల్లో మెషీన్ సంచిలోంచి బయటికి రాకూడదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా తవ్వితే నేరం. కంటోన్మెంట్లో సైన్యం భూమి కూడా వద్దు. తిరుమలగిరి వైపు ఖాళీ మైదానాలు చూస్తే నోరూరుతుంది, నిజమే. 1806లో కంటోన్మెంట్ పుట్టినప్పటి నుంచి సిపాయిలు తొక్కిన నేల మరి. అయినా వద్దు. ఫైరింగ్ రేంజిలైతే కలలో కూడా వద్దు.

మనకు మిగిలింది పట్టా భూమి, దాని మీద పట్టాదారు సంతకం పెట్టిచ్చిన కాగితం. దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది అని కలెక్టర్‌కు రాసివ్వాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది. రాసివ్వకుండా దాచుకుంటే ఏడాది దాకా జైలు పడొచ్చు. "సీసపు గుండు పది రూపాయలు చేస్తుందా సార్" అని అడగకండి. రాసివ్వండి, నకలు మీ దగ్గర పెట్టుకోండి. అమ్మే ఆలోచనే ఉంటే ఈ పాఠాలు మీకోసం కావు.

ఇంకో సంగతి. మన దగ్గర మెషీన్ పట్టుకుని పొలంలో తిరిగే మనిషిని చూస్తే ఊరివాళ్ళకు మొదట గుర్తొచ్చేది గుప్త నిధులే. అమావాస్య, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, ఎక్కణ్ణుంచో తెచ్చిన మంత్రగాడు. వాళ్ళ పుణ్యమా అని మనకు చెడ్డపేరు ముందే సిద్ధంగా ఉంది. పగటిపూటే వెళ్ళండి, వెళ్ళేముందు సర్పంచ్‌కి చెప్పండి, రైతును గానీ వాళ్ళబ్బాయిని గానీ పక్కన పెట్టుకోండి. భూమిలో పది మీటర్ల లోతున బంగారం చూపిస్తుందని అమ్మే యాంటెన్నా పుల్లల గురించి అడిగిన ఇద్దరికీ జవాబు: అవి ఏమీ చూపించవు. డబ్బు పోయిందనుకుని మరిచిపోండి.

రెండో ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. ఆయనకు నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో .303 తూటా దొరికింది. గుండు ముందు బిగిసే ఉంది. బ్రాసో పెట్టి మెరిపించి, టీవీ పక్కన షోకేసులో నిలబెట్టి ఫొటో పంపాడు. "అడుగున సూది దెబ్బ పడింది కదా సార్, అంటే పేలిపోయినట్టే కదా" అని ధైర్యం కూడా చెప్పాడు. పేలితే గుండు ముందు ఎందుకుంటుంది? దెబ్బ పడి కూడా గుండు కదల్లేదంటే అది పేలాల్సి ఉండి పేలనిది. మామూలు తూటాకంటే దాన్ని ఇంకా ఎక్కువగా నమ్మకూడదు. దాన్ని రుద్దకూడదు, వేడి తగలనివ్వకూడదు, జేబులో వేసుకుని స్టేషన్‌కు మోసుకెళ్ళకూడదు. 100కి ఫోన్ చేసి వాళ్ళనే రమ్మనాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, అది వేరే సంగతి. నోరు తెరుచుకున్న ఖాళీ ఇత్తడి గొట్టాన్ని మాత్రమే మనం పైకి తీస్తాం. అంతకంటే పెద్దది, గుండ్రంగానో రెక్కలతోనో ఏదైనా కనబడితే తవ్వడం ఆపండి, గుర్తు పెట్టండి, దూరం జరగండి, ఫోన్ చేయండి.

సరే. ఇప్పుడు డిస్క్రిమినేషన్, అంటే ఇనుము చప్పుడు వినబడకుండా చేసే బటన్.

గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల మట్టికి తగ్గట్టు మెషీన్‌ను సరిచేయడం) ఎలా చేయాలో మళ్ళీ చెప్పను, మూడో పాఠం చూడండి. కాయిల్, అంటే కర్ర చివరనుండే పళ్ళెం లాంటి భాగం, నేలకు సమాంతరంగా ఎలా ఊపాలో కూడా చెప్పను, చీపురు పట్టిన ప్రతి ఒక్కరికీ వచ్చిన పనే. ఈ ఒక్క బటన్ గురించి మాత్రం విసుగొచ్చేదాకా చెబుతాను, ఎందుకంటే మీరంతా పడ్డ గొయ్యి ఇదే.

"డిస్క్రిమినేషన్ పెడితే ఇనుము పోతుంది" అని ప్రతి ఉత్తరంలోనూ ఉంది. ఎక్కడికి పోతుంది? మేకు నేలలోంచి లేచి నడిచి వెళ్ళదు కదా. కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం దాన్ని తాకుతూనే ఉంది, అది తిరిగి పంపే సంకేతం మెషీన్‌కు అందుతూనే ఉంది. మెషీన్ చేసేదల్లా దాన్ని ఇనుమని తేల్చుకుని, మీ చెవిదాకా రాకుండా ఆపడమే. పక్కనే సీసపు గుండు ఉందనుకోండి. రెండింటి సంకేతాలూ కాయిల్‌లోకి కలగలిసి వస్తాయి. ఆ కలగాపులగాన్ని మెషీన్ ఇనుమని తేల్చిందా, గుండును కూడా దాంతోపాటే నొక్కేస్తుంది.

బారాత్ ముందు మర్ఫా దంచేస్తుంటే పక్కనున్న మేనత్త మాట వినబడదు. మర్ఫా గోల భరించలేక చెవుల్లో దూది కుక్కుకుంటే అత్త మాట వినబడుతుందా? ఆ దూదే మీ డిస్క్రిమినేషన్. అత్త మాట వినాలంటే మర్ఫాను ఆపాలి, లేదా అత్తను పక్కకు తీసుకెళ్ళాలి. మొదటిది మేకును తవ్వి తీసేయడం. రెండోది చిన్న కాయిల్ వాడటం. దూది మాత్రం దారి కాదు.

ఎర్ర నేలలో దీనికి తోడు ఇంకో తిరకాసు ఉంది. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైటు, ఆ గ్రానైటును చీల్చుకుంటూ అక్కడక్కడ డాలరైటు రాతి చారలు పోతాయి. నల్లగా, బరువుగా ఉండే రాయి. అందులో మాగ్నటైటు, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం ఉంటుంది. ఆ రాయి అరిగి మట్టిలో కలిసిన చోట, పైపైన ఉన్న ఇత్తడి సరిగ్గానే మోగుతుంది. జానెడు లోతుకు పోయిందంటే నేల సంకేతం దాన్ని మింగేసి, స్క్రీన్ మీద ఇనుము అంకె చూపిస్తుంది (ఏ లోహమో మెషీన్ అంకెల్లోనే చెబుతుంది). అంటే డిస్క్రిమినేషన్ పెట్టినవాడు మేకుల పక్కన ఉన్న గుండ్లనే కాదు, ఒంటరిగా లోతున ఉన్న గుండ్లను కూడా వదిలేసి వెళ్ళాడు. మీకు ముందు వచ్చినవాడు అదే చేసి ఉంటే అవి ఇంకా అక్కడే ఉన్నాయి. మీరూ అదే చేస్తే మీ తర్వాత వచ్చేవాడికి ఉంటాయి.

మాట మీద నమ్మకండి, చేసి చూడండి. బ్రిటిష్ వాళ్ళ బ్రౌన్ బెస్ తుపాకీ బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.75 అంగుళం. వదులుగా దిగాలని అందులో వేసే గుండును సుమారు 0.69 అంగుళం చేసేవారు. అంటే పదిహేడున్నర మి.మీ., బరువు 32 గ్రాముల దరిదాపు. చేపల గాలాలు అమ్మే కొట్టులో 30 గ్రాముల సీసపు బరువు అడగండి, అదే మన గుండు. గురువారం జుమ్మెరాత్ బజార్‌లో తుప్పు పట్టిన మేకులు ఒక గుప్పెడు కొనండి. కొత్త మేకులు వద్దు. తుప్పు మేకు మోగే తీరు వేరు, నేలలో మీకు తగిలేది అదే.

ప్రయోగం మేడ మీద చేయకండి. స్లాబులో చువ్వలుంటాయి, మెషీన్ పిచ్చెక్కినట్టు అరుస్తుంది. ఇనుప మంచం పక్కన చేసి "సార్, మీరు చెప్పింది తప్పు" అని రాసినాయన కూడా ఉన్నాడు. ఖాళీ మట్టి నేల వెతుక్కోండి, ముందు అక్కడ ఏమీ మోగట్లేదని అన్ని మెటల్స్ మోడ్‌లో (ఏ లోహాన్నీ నొక్కకుండా) చూసుకోండి.

గుండును పది సెం.మీ. లోతులో పాతండి. ఊపండి, మోగుతుంది. దాని పక్కన నాలుగు వేళ్ళ దూరంలో, నేల మీదే ఒక మేకు పెట్టండి. డిస్క్రిమినేషన్ పెట్టి ఊపండి. తర్వాత తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి నిలబడి అదే చోట ఊపండి. ఒక వైపు నుంచి ఏమీ వినబడదు, రెండో వైపు నుంచి తెగిన ముక్కలా ఒక్క చిన్న కూత వినబడొచ్చు. ఆ చిన్న కూతే ఈ పాఠం మొత్తం. ఇప్పుడు మేకును సరిగ్గా గుండు మీదకు జరపండి, రెండు వైపుల నుంచీ పోతుంది. రెండు మేకులు చెరోవైపు పెట్టి చూడండి. మేకును నిలువుగా గుచ్చి చూడండి. మేకు బదులు సోడా మూత పెట్టి చూడండి, ఈసారి కథ తలకిందులు. రేకు, మూత, నాడా ముక్క లాంటి పలచటి ఇనుము వెండి నాణెంలా పైస్థాయిలో మోగి మోసం చేస్తుంది. పక్కకు తిరిగి ఊపితే ఆ గొంతు విరుగుతుంది, చోటు కూడా జరుగుతుంది. సీసం, ఇత్తడి ఒంటరిగా ఉంటే ఎటు నుంచి ఊపినా ఒకే చోట, ఒకే గొంతు.

తర్వాత రికవరీ స్పీడ్ మార్చి ఇదంతా మళ్ళీ. ఒక వస్తువు సంకేతం ముగించుకుని రెండోదాన్ని వినడానికి మెషీన్ ఎంత త్వరగా తేరుకుంటుందన్నదే ఆ అంకె. ఈక్వినాక్స్ 800 అనే మెషీన్‌లో 1 నుంచి 8 దాకా ఉంటుంది. అంకె పెంచితే మేకుల మధ్య గుండు బయటపడుతుంది, లోతు కొంచెం తగ్గుతుంది. మేకులు నిండిన చోట లోతు గురించి బెంగ పెట్టుకోకండి. అదే మెషీన్‌కు గుర్రపు నాడా గుర్తున్న బటన్ ఒకటుంది, నొక్కితే అన్ని లోహాలూ వినబడతాయి. నేను ఆ బటన్ నొక్కి, స్క్రీన్ మీద రుమాలు కప్పేస్తాను. అంకె చూస్తే చెవి పనిచేయడం మానేస్తుంది. మీకు అంకె కావాలంటే చూసుకోండి, కానీ అంకె చూసి తవ్వాలా వద్దా తేల్చుకోకండి. హెడ్‌ఫోన్ మాత్రం వైరుదే వాడండి, ఆ తెగిన కూత బయటి స్పీకర్లో గాలికే పోతుంది.

ఇప్పుడు పొలానికి వెళ్దాం. "ముందే వెతికేశారు" అన్న మాట నాకు సరిపోదు. ఎవరు వెతికారు, దేనితో వెతికారు, ఎందుకు వెతికారు అన్నది చెప్పండి. ప్రతివాడూ తనకు కావాల్సింది తీసుకుని మిగతాది వదిలేస్తాడు. ఆ మిగతాదే మనది.

పాత సామాను వాళ్ళ సంగతి చూడండి. పాడైన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని కర్రకు తాడుతో కట్టి నేల మీద ఈడ్చుకుంటూ పోతారు. పెద్ద ఇనుమంతా పట్టుకుపోతారు. వాన వెలిసిన మర్నాడు ఇత్తడి, రాగి కంటికి మెరిస్తే ఏరుకుంటారు. సీసం అయస్కాంతానికి అంటదు. నేలలో ఏళ్ళ తరబడి ఉన్న సీసం మీద తెల్లటి పూత పడుతుంది కాబట్టి కంటికి గులకరాయిలా కనబడుతుంది, కాలితో తన్ని వెళ్ళిపోతారు. అంటే వాళ్ళు మర్ఫాను సగం ఆపేసి, గుండ్లను మనకు వదిలిపెట్టారు. సామాను వాళ్ళు తిరిగిన పొలమని రైతు నిరాశగా చెబితే మీరు లోపల సంతోషించాలి. ఆ తెల్లపూతను గీకకండి, దాని కిందే గుండు చరిత్ర ఉంటుంది. సీసం పట్టిన చేత్తో మిరపకాయ బజ్జీ తినకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

గుప్త నిధుల వాళ్ళు బండరాళ్ళ దగ్గర, హద్దురాళ్ళ దగ్గర రాత్రికి రాత్రి నడుము లోతు గోతులు తవ్వి పోతారు. వాళ్ళకు కుండలు కావాలి, గుండీలు కాదు. గొయ్యి పక్కన పోసిన మట్టికుప్పలో లోతు మట్టి పైకి వచ్చి ఉంటుంది. పట్టా భూమిలో, రైతు పక్కన ఉండగా, ముందు గొయ్యి ఫొటో తీసి, ఆ తర్వాతే కుప్ప మీద మెషీన్ పెట్టండి. గుడి పక్కనో శాసనం పక్కనో ఉన్న గొయ్యి అయితే మీరు చేయాల్సింది ఒకటే, పోలీసులకు చెప్పడం.

రైతును ఎవరూ వెతికినవాడిగా లెక్కపెట్టరు. అందరికంటే ఎక్కువ కాలం ఆ పొలాన్ని వెతికింది ఆయనే. నాగలికి తగిలిన ప్రతి రాయినీ, ఇనుప ముక్కనీ, చేతికి వచ్చిన ప్రతి గడ్డనీ విసిరేశాడు. ఎక్కడికి? గట్టు మీదకు, పొలం మూలనున్న రాళ్ళకుప్ప మీదకు, తుమ్మచెట్టు మొదట్లోకి. మీలో ఒక్కరు కూడా గట్టు వెతికామని రాయలేదు. ముళ్ళు గుచ్చుకుంటాయని, పాములుంటాయని, కాయిల్ ఊపడానికి చోటుండదని పొలం మధ్యలో చక్కగా తిరిగి వచ్చేశారు. మీకు ముందు వచ్చినవాళ్ళూ అంతే. గట్టు దున్నరు, కాబట్టి రోటవేటర్ దెబ్బ దానికి తగలదు. గుండీ గుండీలాగే ఉంటుంది, పటకా కొక్కెం వంగకుండా ఉంటుంది. నన్నడిగితే ఒకే పూట సమయముంటే పొలం వదిలేసి గట్టు పట్టుకోండి. రాళ్ళకుప్పను మాత్రం కదిలించేముందు కర్రతో తట్టండి, బూట్లు లేకుండా పోకండి. కుప్ప మళ్ళీ ఎలా ఉందో అలా పేర్చండి.

జేసీబీ తిరిగిన చోట చెప్పడానికేం లేదు. వెంచర్ కోసం పైమట్టి ఎత్తేశారంటే వస్తువులు ఆ మట్టితో ఇంకెక్కడికో పోయాయి. అడుగు మందం మొరం పోసి రోలర్ తిప్పారంటే కింద ఉన్నా మనకు అందవు. రైతును ముందే అడగండి, పెట్రోలు మిగులుతుంది.

ఇక మనలాంటివాడే, మెషీన్ పట్టుకుని వచ్చినవాడు. వాడు ఎలా వెతికాడో చెప్పే సాక్ష్యం గట్టు మీదే ఉంటుంది. తీసిన చెత్తను చాలామంది అక్కడే పారేస్తారు (మీరు పారేయకండి, సంచిలో వేసుకుని రండి). ఆ చెత్తలో గుట్కా రేకులు, సోడా మూతలు, ట్యూబు ముక్కలు ఉండి మేకులు లేవా? వాడు డిస్క్రిమినేషన్ పెట్టుకుని తిరిగాడు. మేకుల పక్కనున్నదంతా భద్రంగా ఉంది, మీ పంట పండింది. చెత్తలో మేకులు, తీగ ముక్కలు, గొలుసు కొక్కేలు కూడా ఉన్నాయా? అతను మనకు గురువు, మర్యాదగా గట్ల మీదకు వెళ్ళండి, లేదా దుక్కి దున్నాక రండి. దుక్కి దున్నితే నేల మళ్ళీ కలుస్తుంది, నిరుడు అందనిది పైకి వస్తుంది. యాసంగి కోత అయ్యి, తొలకరి వాన పడి, విత్తనం ఇంకా వేయని ఆ కొన్ని రోజులు మనవి. తడి నేలలో లోతు కూడా కాస్త ఎక్కువ అందుతుంది.

వెతికేసిన నేల అన్న మాటకు పెద్ద జవాబు అమెరికాలో ఉంది. మాంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ అనే చోట 1876 జూన్‌లో లకోటా, షయాన్ అనే ఆదివాసీ తెగల యోధులు అమెరికా సైన్యంలోని కస్టర్ దళాన్ని తుడిచిపెట్టారు. నూరేళ్ళకు పైగా జనం ఆ మైదానాన్ని చూడటానికి వచ్చారు, తూటాలు ఏరుకుని గుర్తుగా పట్టుకుపోయారు. ఇంకేమీ మిగల్లేదనే అనుకున్నారు. 1983లో కార్చిచ్చు వచ్చి గడ్డి తగలబడింది. 1984, 85లో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు డిటెక్టర్లు పట్టిన వాలంటీర్లను వరసలో నడిపించారు. ప్రతి చప్పుడుకూ ఒక జెండా గుచ్చి, తవ్వి, చోటు కొలిచి రాశారు. వేల వస్తువులు బయటపడ్డాయి. అంతకంటే ముఖ్యం, ఖాళీ తూటాల అడుగున పడ్డ సూది దెబ్బలను పోల్చి, ఒక్కొక్క తుపాకీ మైదానంలో ఎటు నుంచి ఎటు కదిలిందో చెప్పగలిగారు. ఏరుకుపోయినవాళ్ళ ఇళ్ళల్లో తూటాలున్నాయి, అవి ఏమీ చెప్పలేవు. చోటు రాసుకోని తూటా ఉత్త ఇత్తడి.

మన దగ్గర ఎక్కడ చూడాలన్నది కూడా కొందరు అడిగారు. యుద్ధం జరిగిన చోటే కావాలని పట్టుబట్టకండి. సిపాయి కొట్లాడింది తక్కువ, నడిచింది, వండుకుంది, పడుకుంది ఎక్కువ. బొల్లారంలో హైదరాబాద్ కంటింజెంట్, అంటే నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన సైన్యం ఉండేది. సికింద్రాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ పటాలాలు ఉండేవి. అవి అటూ ఇటూ నడిచేటప్పుడు మజిలీ ఎక్కడ చేస్తాయి? నీళ్ళు, నీడ ఉన్నచోట. చెరువు కట్ట దిగువన, మామిడి తోపులో, పాత దిగుడుబావి పక్కన. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళను అడిగి మీ వైపు టోపోషీటు (చెరువులు, బావులు, బాటలు గీసిన సర్వే పటం) తెచ్చుకోండి. ఇవాళ్టి రోడ్డు కాదు, చెరువులనూ బావులనూ కలుపుకుంటూ పోయే బండ్లబాట చూడండి. ఆ బాట పక్కన పట్టా భూమి ఎవరిదో కనుక్కోండి. మజిలీ జరిగిన చోట దొరికే గుండ్లు నున్నగా, గుండ్రంగా ఉంటాయి, సంచిలోంచి జారిపడ్డవి కాబట్టి. కాల్చిన గుండు ఎక్కడో తగిలి చదునవుతుంది. నున్నటి గుండ్లు, గుర్రపు నాడా మేకులు, ఇత్తడి గుండీలు ఒకే చోట పడుతున్నాయంటే అక్కడ తొందరపడి తిరగకండి. నిజాం నాటి హాలీ సిక్కా నాణెం తగిలితే పైన చెప్పిన కలెక్టర్ కాగితం గుర్తుంది కదా.

నా పద్ధతి రెండు ముక్కల్లో. పొలమంతా తిరగను. ఒక చదరం సుత్లీతో కట్టుకుని, ఆరంగుళాల కాయిల్ బిగించి, సెన్సిటివిటీ కాస్త తగ్గించి (పైన హైటెన్షన్ తీగలుంటే ఇంకా తగ్గించి), ఒక వైపు నుంచి పూర్తిగా, తర్వాత అడ్డంగా పూర్తిగా వెతుకుతాను. ప్రతి ఊపు ముందు ఊపును సగం కప్పాలి. మొదటి దఫా ఇనుముతో సహా అన్నీ తవ్వుతాను. గుర్తుగా పాత డ్రిప్ పైపు ముక్కలు గుచ్చుతాను, జెండాలకంటే అవే చవక. గడ్డపార వద్దు, కలుపు తీసే ఖుర్పీ చాలు. గొయ్యి పూడ్చి కాలితో తొక్కకుండా తర్వాతి సంకేతానికి వెళ్ళినవాణ్ణి రైతు రెండోసారి రానివ్వడు. రానివ్వకూడదు కూడా.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను.

మూడు మీటర్లు బై మూడు మీటర్ల చదరం ఒకటి తీసుకోండి. "ఇక్కడ ఏమీ లేదు" అని మీరు రాసిన పొలంలోనే తీసుకోవాలి, కొత్తచోట కాదు. ఒక మూల గట్టును తాకుతూ ఉండాలి. డిస్క్రిమినేషన్ పెట్టి ఒకసారి తిరగండి, ఎన్ని మోగాయో రాసుకోండి. అది తీసేసి రెండు వైపుల నుంచీ తిరగండి, మోగిన ప్రతిదీ తవ్వండి. మేకు, రేకు, గాజుల తీగ, ఏదైనా సరే. ప్రతి వస్తువుకూ చదరం రెండు అంచుల నుంచి దూరం, లోతు సెం.మీ.లో రాయండి. మొదటి దఫా ఇనుమంతా తీశాక, అదే రోజు కాకుండా మర్నాడు వచ్చి, కాయిల్ ఎత్తు మార్చకుండా మళ్ళీ రెండు వైపుల నుంచి తిరగండి. రెండోరోజు కొత్తగా మోగినవాటిని విడి కవర్లో వేయండి. చివర్న తీసిన ఇనుమంతా కిరాణా కొట్టు తక్కెడలో తూచి, బరువు రాయండి.

గళ్ళ కాగితం మీద చదరం గీసి, ఇనుముకు అడ్డగీత, మిగతా లోహాలకు సున్నా, రెండోరోజు దొరికినవాటికి సున్నా చుట్టూ ఇంకో సున్నా పెట్టి పంపండి. రెండు సున్నాలున్న చోటు పక్కన, మొదటిరోజు తీసిన అడ్డగీత ఎంత దూరంలో ఉందో కొలిచి అక్కడే రాయండి. వస్తువుల ఫొటోలు కడగకుండా తీయండి. గుండు బిగిసి ఉన్నదేదైనా తగిలితే ఫొటో కూడా వద్దు, ముందు 100. గళ్ళ కాగితం లేకుండా "సార్, ఈసారీ ఏమీ లేదు" అని వచ్చే ఉత్తరాలకు జవాబివ్వను. తూటా ముద్రల పాఠం కనీసం పదిమంది కాగితాలు వచ్చాకే రాస్తాను.